ముందు గాలి దించండి, టైర్ల సంగతి తర్వాత

దమ్ము చేసే ట్రాక్టరును ఒక్క నిమిషం ఆగి చూడండి. వెనక టైరు మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది, లోపల గాలి మాత్రం 12 నుంచి 14 పాయింట్లే (పాయింటంటే ఒక పీఎస్ఐ). అడుగుభాగం కాస్త పరుచుకుని, చేలో చతికిలబడినట్టు కనపడుతుంది. అదే ట్రాక్టరు ట్రక్కు తగిలించుకుని ధాన్యం బస్తాలతో రోడ్డెక్కాలంటే ముందు గాలి కొట్టిస్తారు. కోవూరులోనో అల్లూరులోనో ట్రాక్టరు తోలేవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. పదిహేను లక్షలు పోసి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి) కొన్నవాళ్లకే చెప్పాల్సి వస్తోంది. మైపాడు ఇసకలో బండి దిగబడగానే వాళ్ల నోట వచ్చే మొదటి మాట "టైర్లు మార్చాలిరా". గాలి ఎంతుందని అడిగితే 33 అంటారు, అదీ పెట్రోలు బంకులో కొట్టించిన లెక్క.

నేననేది ఒక్కటే. నెల్లూరు, ప్రకాశం నేలల మీద తిరగాలంటే మొదట కొనాల్సింది ఒక నమ్మకమైన గేజీ, ఒక కంప్రెసర్. ఆ తర్వాత బండితో వచ్చిన సైజులోనే మంచి ఏటీ టైర్లు (ఆల్ టెర్రెయిన్, అన్ని నేలలకూ పనికొచ్చేవి). గుబ్బలు గుబ్బలుగా ఉండే ఎంటీ టైర్లు (మడ్ టెర్రెయిన్, బురద కోసం చేసినవి), బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్లు, ముందు బంపరు మీద తాడు చుట్టుకుని బండిని లాగే వించ్‌లూ మన దగ్గర చాలామందికి అందానికే తప్ప అక్కరకు రావు. "ఎంటీ వేస్తే బండి లుక్కే వేరన్నా" అనేవాళ్లతో నాకు పేచీ లేదు. లుక్కు కోసమని ఒప్పుకుంటే చాలు.

లెక్క చూద్దాం. మనుషులూ సామానూ కలిపి బండి 1,800 కిలోలనుకోండి, చక్రానికి 450 కిలోలు. 32 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు. 450ని దానితో భాగిస్తే 200 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో టైరు నేలను తాకేది అరచేయంత మేర. గాలి 16కి దించితే అదే టైరు 400 చదరపు సెంటీమీటర్ల మీద కూర్చుంటుంది. టైరు పక్కగోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి లెక్క అంత కచ్చితంగా రాదు గానీ, దిశ ఇదే. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ పెరుగుదల ఎక్కువగా పొడవులో వస్తుంది, వెడల్పులో కొంచెమే. గొలుసు చక్రాల బండి పట్టాలా టైరు నేల మీద పొడుగ్గా సాగుతుంది. 10 మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువున్న టైరుకు వేలకు వేలు పోసినా ఇంత లాభం రాదు.

ఇసక దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి అక్కడే కాస్త ఎక్కువసేపు నిలబడదాం. మన దగ్గర ఇసక రెండు రకాలు. మైపాడు, కొత్తకోడూరు, కొత్తపట్నం తీరాన ఉండేది సన్నది. అల తడిపి వెళ్లిన పట్టీ గట్టిగా ఉంటుంది, దానిపైన ఎండిన పట్టీ పిండిలా ఉంటుంది. పెన్నలో ఉండేది ముతక ఇసక, గింజ గింజకూ పట్టుండదు, కాలు పెడితే చీలమండ దాకా పోతుంది. పైగా ఇసక తవ్వుకుపోయిన గోతులు వరదకు మళ్లీ వదులు ఇసకతో పూడిపోయి, పైకి చదునుగా కనపడతాయి. ముందు దిగి నడవనిదే పెన్నలో బండి దింపకూడదు. మనిషి మడమ లోతుగా దిగే చోట బండి ఇరుసు దాకా దిగుతుంది.

దిగకముందే గాలి 18కి తీయండి. పెన్న ఇసకకు, బరువు బండికి 15. దిగబడ్డాక ఆఖరి ప్రయత్నంగా 12. అంతకంటే కిందికి పోతే, స్టీరింగు గబాలున తిప్పినప్పుడు టైరు అంచు రిమ్ము మీంచి ఊడి పక్కకొస్తుంది. మధ్యాహ్నం ఇసకలో దాన్ని మళ్లీ ఎక్కించడమంటే చుక్కలు కనపడతాయి. గాలి దించినకొద్దీ వేగం కూడా దించాలి: 18 ఉంటే గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దు, 15 ఉంటే 25. మలుపులు పెద్దగా, నిదానంగా తీసుకోవాలి. పొద్దున్నే మంచు తడికి ఇసక కాస్త బిగిసి ఉంటుంది. ఎండెక్కాక వదులవుతుంది, టైరులో గాలీ వ్యాకోచిస్తుంది. అందుకే పొద్దున ఏడింటికి సునాయాసంగా దాటిన చోటే పన్నెండింటికి కూరుకుపోతారు. ట్రాక్షన్ కంట్రోలు ఇసకలో ఆపేయాలి. చక్రం కాస్త జారగానే అది ఇంజను గొంతు నొక్కుతుంది, సరిగ్గా ఊపు కావాల్సినచోట బండి చచ్చిపోతుంది.

ఆగేటప్పుడు బ్రేకు తొక్కకండి. బ్రేకేస్తే ప్రతి టైరు ముందూ చిన్న ఇసక గుట్ట లేస్తుంది, మళ్లీ కదలాలంటే నాలుగు గుట్టలు ఎక్కాలి. యాక్సిలరేటరు వదిలేస్తే ఇసకే ఆపుతుంది. వీలైతే ముక్కు పల్లం వైపు ఉండేలా నిలపండి. కదలకపోతే ఒక్కసారి ప్రయత్నించి, చక్రం తిరుగుతోంది గానీ బండి కదలట్లేదని తెలిసిన క్షణమే కాలు తీసేయాలి. "ఇంకొంచెం ఇవ్వు, వచ్చేస్తది" అని వెనకనుంచి అరిచే ప్రతి మాటా బండిని ఇంకో నాలుగు వేళ్లు లోపలికి దింపుతుంది. అడుగు ఇసక మీద ఆనిందంటే ఇక చక్రాల మీద బరువే ఉండదు, ఏ టైరూ ఏమీ చేయలేదు. ముందు పొట్ట కింద తోడాలి, తర్వాత నాలుగు చక్రాల ముందూ ఏటవాలుగా. వచ్చిన జాడలోనే వెనక్కి తీయడం చాలాసార్లు తేలిక, ఆ దారి అప్పటికే టైర్ల కింద నలిగి ఉంటుంది.

ఇక్కడే ఎంటీ టైర్ల మీద నా అసలు ఫిర్యాదు. వాటి గుబ్బల మధ్య సందు ఎక్కువ. ఇసకలో ఆ గుబ్బలు పారల్లా పనిచేస్తాయి, బండిని ముందుకు తోసే బదులు కిందికి తవ్వుతాయి. పక్కగోడ బిరుసుగా ఉండటంతో గాలి దించినా సులభంగా పరుచుకోవు. అదే గాలితో మామూలు రోడ్డు టైరు కూడా ఇసకలో వాటికంటే తేలిగ్గా తేలిపోతుంది. ట్రాక్టరు గుబ్బల టైరు నడుస్తోంది కదా అంటారేమో. దాని ఎత్తు, వెడల్పు, లోపల గాలి కూడా చూసి మాట్లాడాలి.

తీరం గురించి ఇంకో మాట. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డుకొచ్చి, అల అందని పొడి ఇసకలో గుంట తీసి గుడ్లు పెడతాయి. దాని మీదుగా టైరు పోతే పైకి ఏమీ తెలీదు, కింద గూడు నాశనమవుతుంది. ఆ నెలల్లో పొడి ఇసక జోలికి పోకండి. తడి పట్టీ మీద పోయేవాళ్లు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు లెక్క చూసుకోవాలి. తడిసి గట్టిగా ఉన్న ఇసకలో బండి ఆపితే, టైరు చుట్టూ నీరు కదిలి అడుగున ఇసక జారిపోతుంది. గంటలో ఇరుసు దాకా దిగుతుంది.

ఇక మన ప్రాంతపు అసలు శత్రువు ఇసక కాదు, సర్కారు తుమ్మ. చెరువు కట్టలు, పోరంబోకులు, వాగు ఒడ్లు ఎక్కడ చూసినా ఆ కంపే. కంప కొట్టి పక్కకు లాగినచోట ఎండిన ముళ్లు దారిలో పరుచుకుని ఉంటాయి. పచ్చి ముల్లు వంగుతుంది, ఎండిన ముల్లు మేకులా దిగుతుంది. కొస విరిగి టైరులోనే ఉండిపోవడం దీని ప్రత్యేకత. బయటికి కనపడదు, తిరిగినకొద్దీ లోపలికి నడుస్తుంది. మూడో రోజుకు రెండు మూడు పాయింట్లు గాలి తగ్గి ఉంటుంది, ఎక్కడ పోతోందో తెలీదు. అలాంటి టైరును సబ్బు నీళ్లతో అంగుళం అంగుళం తడిపి చూడాలి. ఒక్క ముల్లు దొరికిందని సంబరపడి ఆపేయొద్దు, తుమ్మ ఒక్కటిగా గుచ్చదు.

పంచరు మీరే వేసుకోవడం నేర్చుకుంటే సగం భయం పోతుంది. ముల్లును కంగారుపడి పీకొద్దు, అది ఉన్నంతసేపు గాలిని అదే ఆపుతుంటుంది. కిట్టంతా చేతికందేలా పెట్టుకుని, గరుకు బురుసుకు జిగురు, స్ట్రిప్పు (రంధ్రం పూడ్చే రబ్బరు పట్టీ) ఎక్కించిన సూది సిద్ధం చేసుకున్నాక పట్టకారతో ముల్లును అది దిగిన ఏటవాలులోనే లాగండి. అదే వాలులో బురుసు అయిదారుసార్లు ఆడించి రంధ్రాన్ని గరుకు చేయాలి. స్ట్రిప్పు రెండు కొసలూ సెంటీమీటరు బయట మిగిలేదాకా సూదిని తోసి, తిప్పకుండా ఒక్క ఊపున లాగేయాలి. మెల్లగా లాగితే స్ట్రిప్పు కూడా వెంట వచ్చేస్తుంది. మిగిలిన కొసలు ట్రెడ్డుకు (టైరు నేలను తాకే ముఖానికి) సమంగా కోసేయండి. రంధ్రం పెద్దదైతే రెండు స్ట్రిప్పులు. కిట్లతో ఇచ్చే అయిదు స్ట్రిప్పులు మన కంపకు ఏ మూలకూ రావు, 20 ఉంచుకోండి. జిగురు ట్యూబు ఒకసారి విప్పితే వేసవిలో ఎండిపోతుంది, ఏడాదికొకటి మార్చాలి. పక్కగోడలో పడ్డ రంధ్రానికి స్ట్రిప్పు ఊరు చేరేదాకా మాత్రమే. ఆ తర్వాత ఆ టైరు రోడ్డుకు పనికిరాదు, పంచరు షాపులో ఎవరు ఏం చెప్పినా సరే.

పడమరకు పోతే నేల మారుతుంది. ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు ఎర్ర గరప, గులకరాళ్లు, వాగు చప్టాలు. 26 పాయింట్లు చాలు. గాలి ఎక్కువుంటే ప్రతి రాయీ టైరును ఎగరేస్తుంది, అంతగా కొట్టుకుంటే నట్లు, బుష్‌లు కూడా వదులవుతాయి. ఇంకా పైకి మార్కాపురం దగ్గర పలక రాయి ఉంది. పలక పొరలు పొరలుగా చీలుతుంది, చీలిన అంచు కత్తిపీటలా ఉంటుంది. చీమకుర్తి క్వారీల చుట్టుపక్కల దారుల్లో టిప్పర్ల నుంచి రాలే గ్రానైటు ముక్కలూ అంతే. ఇలాంటి చోట గాలి బాగా దించడం పొరపాటు. దించితే పక్కగోడ బయటికి ఉబ్బి, నేరుగా ఆ అంచులకు దొరుకుతుంది. 24కి తగ్గకండి. రాయిని తప్పించుకోలేకపోతే ట్రెడ్డుతో ఎక్కండి, పక్కగోడతో రాసుకుంటూ పోవద్దు. టైరు కొనేటప్పుడు పక్కగోడ మీద అది ఎన్ని పొరలతో చేసిందో రాసి ఉంటుంది, చూడండి. ఈ దారుల్లో రోజూ తిరిగేవాళ్లకు మూడు పొరలది, ఎల్‌టీ (లైట్ ట్రక్, బరువు బండ్ల కోసం చేసిన) రకం తీసుకుంటే పెట్టిన డబ్బుకు న్యాయం. దాని పక్కగోడ బిరుసు గనక అదే బరువుకు రోడ్డు మీద రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెట్టాలి, కుదుపు కూడా ఎక్కువే.

నల్లరేగడి గురించి చెప్పేది తక్కువ. ఒంగోలు చుట్టూ, అద్దంకి వైపు వానకు తడిసిన నల్లనేలలో ఏటీ టైరు పది గజాల్లో గుండైపోతుంది. సందులన్నీ బంకమట్టితో పూడి, కడ్డీ మీద వెన్న పూసినట్టు తిరుగుతుంది. ఎంటీ టైరుకు న్యాయంగా దక్కాల్సిన మెచ్చుకోలు ఇక్కడే. దాని వెడల్పు సందులు, చక్రం కాస్త వేగంగా తిరిగితే మట్టిని విసిరేస్తాయి. కానీ రేగడిలో గట్టి నేల ఎక్కడో లోతున ఉంటుంది, ఎంటీ అయినా దాన్ని అందుకోలేదు. దమ్ముకు ట్రాక్టరే ఇనుప చక్రాలు తగిలించుకుంటోంది, మన బండి ఎంత? మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలల్లో వాన వెలిసి రెండు ఎండలు కాసేదాకా రేగడి డొంకల్లోకి పోకపోవడమే టైరు. రొయ్యల గుంటల గట్లూ అంతే. ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఆ గట్లు పైకి ఆరినట్టుంటాయి, అంచులు మాత్రం లోపల నానిపోయి ఉంటాయి. అంచు విరిగితే బండి గుంటలోకే.

సరే, టైరు ఎలా ఎంచాలి? మహీంద్రా థార్‌కు వచ్చే రెండు సైజులు పక్కపక్కన పెట్టి చూద్దాం. 245/75 ఆర్ 16 అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, అంటే 184. రిమ్ము 16 అంగుళాలు. 255/65 ఆర్ 18కి పక్కగోడ 166 మాత్రమే. మొత్తం ఎత్తు రెండోదానికే 15 మిల్లీమీటర్లు ఎక్కువ, షోరూములో అదే బాగుంటుంది. గాలి దించినప్పుడు పరుచుకోవడానికీ, రాయి తగిలితే రిమ్ము దాకా రాకుండా ఆపడానికీ మాత్రం 16 అంగుళాల రిమ్మే మేలు. పెద్ద రిమ్ములకు మారాలనుకునేవాళ్లు ఈ 18 మిల్లీమీటర్ల తేడా గుర్తుంచుకోవాలి. మారుతీ జిమ్నీకి వచ్చే 195/80 ఆర్ 15 సన్నగా ఉందని చాలామంది చిన్నచూపు చూస్తారు. బండి తేలిక, పక్కగోడ 156. ఇసకలో 14 పాయింట్లతో దాన్ని చూసినవాళ్లు మళ్లీ ఆ మాట అనరు.

సైజు తర్వాత ఉండే అంకె మోయగల బరువు. 111 అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు, 104 అంటే 900. బండితో వచ్చినదానికంటే తక్కువ అంకె ఎప్పుడూ తీసుకోకండి. పక్కనుండే అక్షరం వేగానిది: క్యూ అంటే 160, ఎస్ అంటే 180. చివరిగా, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో చేసింది. సంవత్సరం దాటిన సరుకును డిస్కౌంటని అంటగడితే వద్దనండి. మన ఎండలకు రబ్బరు గోడౌనులో కూడా ముదురుతుంది.

సైజు పెంచితే? 245/75ని 265/75 చేస్తే ఎత్తు 774 నుంచి 804కి పోతుంది, దాదాపు 4 శాతం. మీటరు 80 చూపిస్తుంటే బండి 83లో ఉంటుంది. గేరింగు బరువెక్కుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే లైనింగుకు రాసుకోవచ్చు. స్టెప్నీ కూడా అదే సైజు కాకపోతే ఫోర్ బై ఫోర్‌లో పెట్టగానే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలం పంచే గేరుపెట్టె) మీద భారం పడుతుంది. అంటే నాలుగు కాదు, అయిదు కొనాలి. బండి రిజిస్టరైన నమూనాను మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద తంటా. యాక్సిడెంటయ్యాక ఇన్సూరెన్సు సర్వేయరు చూసేదీ అదే. బంపరు ముందు బిగించే ఇనప కమ్మీలను, అంటే బుల్ బార్లను, 2017 డిసెంబరులోనే నిషేధించారు. ఇంకా అమ్ముతున్నారంటే కొనేవాళ్లున్నారు గనక.

అన్నిటికంటే, మన బండి తిరిగేది ఎక్కడ? ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే మీద 120 కిలోమీటర్లు నడిచి, చివర్లో అయిదు కిలోమీటర్లు ఇసకలో తిరుగుతుంది. తడి తారు మీద ఎంటీ టైరుకు బ్రేకు ఆలస్యంగా పడుతుంది, మైలేజి తగ్గుతుంది, 80 దాటితే హోరు. ఆ 120 కిలోమీటర్లే నా ఓటు ఏటీకి వేయిస్తున్నాయి.

సామాను విషయానికొస్తే డబ్బు పెట్టాల్సింది కంప్రెసర్ మీద. 245/75 ఆర్ 16 టైరును 15 నుంచి 32కి తేవాలంటే సుమారు 80 లీటర్ల గాలి తోయాలి, నాలుగింటికీ 320. సిగరెట్ లైటర్‌లో గుచ్చే చిన్నది రెండో టైరుకే కాలిపోయేంత వేడెక్కి ఆగిపోతుంది. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించేది, నిమిషానికి 70 లీటర్లకు తక్కువ కానిది తీసుకోండి. ఇంజను ఆన్‌లో పెట్టే వాడాలి. గేజీ వేరేగా ఉండాలి, కంప్రెసర్ మీదుండే గేజీ ముల్లును నమ్మకండి. గాలి ఎప్పుడూ చల్లటి టైరులో కొలవాలి. ఎండలో హైవే మీద నడిచొచ్చిన టైరు నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది.

మడత పారలు బొమ్మలు. ఇనప సామాన్ల కొట్లో దొరికే మామూలు పార, కర్ర కాస్త పొట్టి చేయించుకుని పెట్టుకోండి. జాకీ కింద వేయడానికి అడుగు చదరం ప్లైవుడ్ ముక్క, 18 మిల్లీమీటర్ల మందం. అది లేకుండా ఇసకలో జాకీ ఎక్కిస్తే బండి పైకి లేవదు, జాకీయే కిందికి పోతుంది. ప్లాస్టిక్ ట్రాక్షన్ బోర్డులు బాగానే పనిచేస్తాయి, కానీ నాలుగు గోనె సంచులు, దొరికినచోట తాటాకులో కొబ్బరి మట్టలో చక్రం కింద తోస్తే చాలాసార్లు అదే పని అవుతుంది. పని అయ్యాక వాటిని అక్కడే వదిలి రాకండి.

వించ్ ఎందుకు వద్దంటున్నానంటే, దాని తాడు కట్టడానికి ఏదో ఒకటి కావాలి. పెన్న మధ్యలో చెట్టేది? తీరాన దగ్గరి సరుగుడు తోట రెండు వందల గజాల అవతల ఉంటుంది, తాడు పొడవు 25 మీటర్లు. ఆ డబ్బుతో రెండో బండి వాడికి పెట్రోలు పోయించి వెంట తీసుకుపోండి. రెండిటి మధ్యకు సాగే నైలాన్ తాడు, బండి మొత్తం బరువుకు మూడు రెట్లు తట్టుకునేది, పొడవు 9 మీటర్లు. ఇనప గొలుసు, స్టీలు తాడు వద్దు, తెగితే ప్రాణం తీస్తాయి. తగిలించాల్సింది ఛాసీకి బోల్టు చేసిన టో హుక్కుకే, బంపరుకో ఇరుసుకో కాదు. లాగేముందు దిగబడిన బండి చుట్టూ తోడాలి. లాగే బండి మీటరు వదులు పెట్టుకుని, పరుగు తీయకుండా నిదానంగా పోవాలి. తాడు మధ్యలో తడి గోనె సంచి వేసి, మిగతావాళ్లంతా తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం నిలబడాలి. వీడియో తీసేవాడు మరీ దూరంగా.

వెలిగొండ కొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం, అవతల నల్లమలలో పులుల అభయారణ్యం ఉన్నాయి. అక్కడ టైరు సంగతి తర్వాత, ముందు అటవీ శాఖ అనుమతి. కాలిబాట కనపడిందని బండి దింపితే 1972 వన్యప్రాణి చట్టం కిందికి పోతారు.

తారెక్కేముందు రెండు పనులు: ఫోర్ వీల్ తీసి టూ వీల్‌లో పెట్టడం, గాలి నింపడం. 18 పాయింట్లతో హైవే మీద 80లో పోతే పక్కగోడ ప్రతి తిరుగుడుకీ మడత పడి వేడెక్కుతుంది, మే ఎండలో పేలడానికి ఎంతోసేపు పట్టదు. "ముందు బంకులో కొట్టిద్దాంలే" అనుకుని బయల్దేరే బండ్లే ఇలా పోతాయి. ఉప్పు తగిలినరోజే బండి అడుగు మంచినీళ్లతో కడిగించాలి, ముఖ్యంగా ఛాసీ లోపలి అంచులు, బ్రేకు పైపులు. మర్నాడు హైవేలో 70 దాటగానే స్టీరింగు వణికితే అలైన్‌మెంటు షాపుకు పరుగెత్తకండి. చక్రాల వెనక్కి చెయ్యి పెట్టి చూడండి, రిమ్ము లోపల ఒక పక్క ఎండిపోయిన బురద పెళ్ల ఉంటుంది. పుల్లతో గీకితే ఊడొస్తుంది.